గవికి తలుపెందుకు

మా అత్త కాటమ్మ చేసిన చివరి పని ఒక కట్టెల మోపు కట్టడం. ఎండిన కందికట్టె కింద పరిచి, మధ్యలో తుమ్మ మొద్దులు పెట్టి, మోకాలితో అదిమి తాడు బిగించింది. నెత్తిన గుడ్డ చుట్ట పెట్టుకుని "ఎత్తే" అంది. ఎత్తాను. గవిగుట్ట ఎక్కి, ఆ కట్టెలను గవి వాకిట్లో ఉన్న రాతిగూట్లో పేర్చి, ఎండ ముదరకముందే దిగి వచ్చింది. అంబలి తాగింది. చెంబు కడిగి బోర్లించింది. అరుగు మీద గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుంది. కాసేపటికి పక్కింటి హనుమంతమ్మ వచ్చి ఆకువక్క అడిగింది. పలకలేదు. "ఏమే కాటీ, చెవుడొచ్చిందా?" అని భుజం తట్టింది. ఆ తట్టుకే మా అత్త పక్కకు ఒరిగిపోయింది.

అది మాఘమాసం. వానకు ఇంకా నెలలున్నాయి. మా దొడ్లో గొర్రెలు కూడా వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి. అయినా గూడు ఖాళీగా ఉందని ఆమె మోపు మోసింది. చూడటానికి వచ్చినవాళ్ళంతా "పుణ్యాత్మురాలు, ఎవర్నీ కష్టపెట్టకుండా పోయింది" అన్నారు. వాళ్ళలో సగం మందిని బతికున్నప్పుడు బాగానే కష్టపెట్టింది. అది రాయకపోతే ఆమెను గురించి రాసినట్టు కాదు.

నాది మడకశిర దగ్గర ఒక పల్లె. తెలుగు బడిలో చదువుకున్నాను. సరిహద్దు దాటి కర్ణాటకలోని రాయచెర్లుకు కోడలిగా వచ్చాను. ఇక్కడ బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. నా పెట్టెలో చీరలకన్నా పుస్తకాలు ఎక్కువ ఉండటం చూసి మా అత్త, "ఇవి మేస్తాయా?" అని అడిగింది. నేను బిత్తరపోతే నవ్వింది. ఆమె పుట్టిల్లూ మెట్టిల్లూ ఈ ఊరే. మేనమామకే ఇచ్చారు. ఆయన తొందరగా పోతే మా ఆయన గిరీశ్‌ను గొర్రెల వెంట తిరుగుతూనే పెంచింది.

మా వాళ్ళు తరతరాలుగా గొర్రెలు కాసినవాళ్ళు. ముట్టయిన ఆడది ఇంట్లో ఉండకూడదన్నది పాత కట్టు. ఊరవతల ఎక్కడో ఒక చోట ఆ దినాలు గడపాలి. పెళ్ళయిన మొదటి నెలలోనే ఆ మాట చెప్పడానికి మా ఇంటి పెద్దల్లో ఒకాయన, ఈరయ్య, తువ్వాలు దులుపుకుంటూ వచ్చాడు. నేను లోపల తలుపు వెనక నిలబడి విన్నాను.

"కాటమ్మా, కోడలు లోపలుంటే ఇంట్లో దేవుణ్ణి పెట్టిన గంపకు మైల గదా."

"దేవుడు నా ఇంట్లోనే ఉండాడు ఈరన్నా. ఆయనకు లేని ఇబ్బంది నీకేంది?"

"మీ అమ్మ ఉండె, నీ అత్త ఉండె, నువ్వూ ఉంటివి. అందరూ బయటున్నోళ్ళే గదా."

"ఉన్నోళ్ళమే. అందుకే చెప్తాండా. నా కోడలు ఇంట్లోనే ఉంటాది. మైల అనుకుంటే నువ్వు నా గడప తొక్కొద్దు. నాకు మజ్జిగ ఆదా, నీకు మాట ఆదా."

ఈరయ్య మజ్జిగ తాగకుండానే వెళ్ళాడు. తర్వాత ఆ మాట మా ఇంటికి మళ్ళీ రాలేదు. కొన్నేళ్ళకు మా చుట్టుపక్కల ఇళ్ళకు కూడా రావడం మానేసింది. తను ఎక్కడ ఉండేదో, ఎలా ఉండేదో ఆమె నాకు చెప్పలేదు. పాత కష్టాలు చెప్పుకునే మనిషి కాదు.

మా వైపు గుహను గవి అంటాం. గవిగుట్ట ఊరికి పడమట, గుండు మీద గుండు పేర్చినట్టు ఉంటుంది. మా అత్త నన్ను మొదటిసారి అక్కడికి తీసుకుపోయింది గొర్రెలు ఈనే కాలంలో. గుట్ట నిండా నల్లటి బొక్కలు కనిపిస్తే, ఇన్ని గుహలా అన్నాను.

"బొక్కలన్నీ గవులు కావే," అంది. "ఆ పైది చూడు, మూతి పడమటికి ఉండాది. తొలకరిలో ముంగారు వాన నేరుగా లోపలికే కొడతాది. దాని కిందది లోపలికి వాలు. నీళ్ళు పోయి ఆడే నిలుస్తాయి. ఆ మూలది బాగానే ఉండాది గానీ పైన తేనెతుట్టె చూసినావా? పొయ్యి ముట్టించినావంటే నిన్ను మీ మడకశిర దాకా తరుముకుంటా వస్తాయి."

"మరి మనది ఎవరు కనిపెట్టినారు అత్తా?"

ఆమె గవి కప్పు చూపించింది. తారు పూసినట్టు నల్లగా ఉంది. "ఇది మా తాత కాల్చిన మసి కాదు. వాళ్ళ తాతది కూడా కాదు. మసి ఉండాదంటే ముందర మనుషులు బతికినారని. వాళ్ళు పొయ్యి యాడ పెట్టినారో నువ్వూ ఆడే పెట్టాల. పొగ పోయే దారి వాళ్ళు చూసిపెట్టినారు. కొత్త తెలివి చూపిస్తే కండ్లు మండేది నీకే."

ఆదిమానవుడు గుహల్లో నివసించేవాడని బడి పుస్తకంలో చదివాను. ఒళ్ళంతా వెంట్రుకలతో, చేతిలో ఎముకతో బొమ్మ వేసేవారు. ఏ బొక్క కనిపిస్తే అందులో దూరేవాడు కాబోలనుకున్నాను. ఆ రోజు నాకు అర్థమైంది, వాళ్ళు మనం ఇల్లు వెతుక్కున్నట్టే వెతుక్కున్నారు. చలికాలపు ఎండ లోపలికి వచ్చే మూతి, వాన గాలికి పక్కగా. నేల బయటికి వాలుగా. నీటిబుగ్గ దగ్గరగా, కానీ ఎలుగుబంటి దారికి ఎడంగా. వాకిట్లో కూర్చుంటే మైదానమంతా కనపడాలి. ఇన్నీ చూసి, నచ్చనివి వదిలి, ఈ ఒక్కదానికి ఓటు వేశారు. వాళ్ళ తర్వాత వచ్చిన ప్రతివాడూ ఆ ఓటును ఖాయం చేస్తూనే పోయాడు.

గవిలో పక్కగోడ మీద ఎర్రమట్టి రంగుతో పొడుగు కొమ్ముల ఎద్దులున్నాయి. చేతులు పట్టుకుని వరసగా నిలబడ్డ మనుషులున్నారు. వాకిట్లో బండ మీద నున్నటి గాడులు, రాతి గొడ్డళ్ళు నూరిన చోటు. మా అత్త తన కొడవలి అక్కడే నూరేది. తుమకూరు నుంచి ఒక కాలేజీ అయ్యవారు వచ్చి, మూడువేల ఏళ్ళ నాటివి కావచ్చు, ఇంకా పాతవీ కావచ్చు అని చెప్పి, ఫొటోలు తీసుకున్నాడు. ఆమె ఆయనకు సంగటి పెట్టి అడిగింది.

"సారూ, వాళ్ళకు గొర్రెలుండెనా?"

"ఎద్దులు, ఆవులే ఎక్కువమ్మా. గొర్రెలు కూడా ఉండొచ్చు."

"ఒక్క గొర్రె బొమ్మన్నా లేదు గోడ మీద. ఎద్దుకు మర్యాద, గొర్రెకు లేదు. ఆ కాలం నుంచీ ఇంతే మీ మొగోళ్ళు."

ఆయన పొలమారేలా నవ్వాడు.

ఆ పాతవాళ్ళ తర్వాత గవిలో ఎవరెవరున్నారో మా అత్త నోట వినాలి. పాళెగాడి మీద తిరగబడి పారిపోయిన బంట్లున్నారు. ప్లేగు వచ్చి ఊరు ఖాళీ చేసినప్పుడు పిల్లాజెల్లాతో జనమున్నారు. గడ్డం పెంచిన ఒక సన్యాసి కొన్నేళ్ళుండి, ఒకనాడు మాయమయ్యాడు. బలసముద్రం నుంచి లేచిపోయి వచ్చిన ఒక జంట తలదాచుకుంది. "గవి ఎవర్నీ ఎందుకొచ్చినావని అడగలేదు," అనేది. "మనం ఎవరం అడిగేదానికి?"

గవికి ఉన్న కట్టు ఒకటే. వానలో చిక్కుకుని వచ్చినవాడు రాతిగూట్లో ఉన్న ఎండుకట్టె తీసి నెగడు వేసుకోవచ్చు. ఎవర్నీ అడగక్కర్లేదు. తర్వాత ఎండ కాసినప్పుడు తను కాల్చినంత తిరిగి తెచ్చి పెట్టాలి. ఎవరూ కాపలా ఉండరు, ఎవరూ అడగరు. పెట్టనివాడికి గవి గురించి నోరెత్తే హక్కు లేదు. గొర్రెల కాపరులందరూ దీన్ని పాటించేవారు.

ఇంకొక సంగతి. ఈనిక కాలంలో మందను గవిలో పెట్టి, మా అత్త మాత్రం వాకిట్లో, సరిగ్గా ఎండా నీడా కలిసే గీత మీద కూర్చునేది. ముఖం బయటికే. మిగతావాళ్ళు దొడ్డికి వేసినట్టు వాకిలికి తుమ్మకంప అడ్డం వేసి ఇంటికి పోయి పడుకునేవారు. నేనూ ఒకసారి, "కంప వేసి పోదాం పా అత్తా" అన్నాను.

"కంప వద్దు," అంది. "నేనుండాను గదా."

అప్పుడు నాకది కాపలా మనిషి పౌరుషంగానే తోచింది.

ఆ తర్వాత సోలార్ పార్కు వచ్చింది. వేరుశనగ పండీ పండక విసిగిన రైతులు చేలను లీజుకిచ్చారు. మేమూ ఇచ్చాం. ఆమె వేలిముద్ర వేసి, బయటికొచ్చి వేలు మట్టికి రుద్దింది. చూస్తుండగానే చేలన్నీ అద్దాలయ్యాయి. ప్యానెళ్ళను ఆమె అద్దాలనే అనేది. కంచెలు లేచాయి. గొర్రెలు నడిచిన దార్లు కంచెల లోపలికి పోయాయి. మైదానంలో నీడనిచ్చే చెట్టు లేకుండా పోయింది. మందలు అమ్మేశారు. కొత్త ఇళ్ళు, బైకులు వచ్చాయి. మా ఆయన ప్యానెళ్ళు కడిగే నీళ్ళ ట్యాంకరు నడపడానికి కుదిరాడు. నేను తప్పు పట్టను, ఆమే తప్పు పట్టలేదు. కాకపోతే అమ్మమంటే మాత్రం గొర్రెలను అమ్మలేదు. "అద్దాలు నీ చేతికి, గొర్రెలు నా చేతికి" అని కొడుకుతో పంపకం చేసుకుంది.

నిజానికి గవి అవసరం అప్పుడే పెరిగింది. గడ్డి కోసే ఆడవాళ్ళు, అద్దాలు కడిగే కూలీలు ఉరుము వినపడితే చాలు, ఆ ఇనుము మధ్య నుంచి గుట్టకేసి పరుగెత్తేవారు. మా అత్త వాకిట్లో జరిగి దారి ఇచ్చి, గూట్లో కట్టె చూపించేది. ఎండకాసినాక గుర్తు చేసేది. కొందరు తెచ్చి పెట్టేవారు, కొందరు మరిచేవారు. మరిచినవాళ్ళ వంతు తనే మోసేది, మోస్తూ దారి పొడుగునా తిట్టేది.

కరోనా వచ్చిన వేసవిలో బెంగళూరు హోటల్లో పనిచేసే కేశవమూర్తి నడిచీ, లారీలెక్కీ ఊరు చేరాడు. వాళ్ళ నాయన చిన్నప్పుడే ఊరు విడిచినందున అతనికి గొర్రెల పని తెలియదు. ఊరి కుర్రాళ్ళు దారికి అడ్డంగా కంప కొట్టి, రానివ్వం అన్నారు. మా అత్తకు ఆ కంప చూడగానే ఎక్కడలేని కోపం వచ్చింది. గొంగడి చెయ్యికి చుట్టుకుని కంపను పక్కకు ఈడ్చేసింది.

"మనిషికి కంప కొడతార్రా? ఊర్లోకి వద్దంటే నోటితో వద్దనండి. కంప కొట్టద్దు."

అతన్ని గవికి పంపింది. దూరంగా బండ మీద సంగటి పెట్టి కేకేసి వచ్చేది. వేసవి వానలకు అతను గూట్లో కట్టె అంతా కాల్చి, వంట్లో బాగుండి, ఊర్లోకి వచ్చాడు. తర్వాత ప్యానెళ్ళు కడిగే కూలీలను కుదిర్చే కంట్రాక్టు పట్టి బాగుపడ్డాడు.

గవికి గేటు పెట్టాలన్నది కూడా అతనే.

లోపల ఆంజనేయస్వామిని ప్రతిష్ఠించాలి, మసి గీకి సున్నం కొట్టాలి, నేలకు టైల్స్ వేయాలి, వాకిలికి ఇనుప గేటు, గేటుకు తాళం. ఊరి పెద్ద మల్లేశప్ప సరేనన్నాడు. ఆయన ఒకప్పుడు మా అత్తతో పాటు గొర్రెలు కాసినవాడే. పావగడ నుంచి వెల్డింగు బోరయ్య ట్రాక్టర్లో గేటు వేసుకుని వచ్చే రోజుకు మా అత్త మందను లోపలికి తోలి, వాకిట్లో తన గీత మీద కూర్చుంది. సంగతి తెలిసి నేనూ వెళ్ళాను. గడ్డి కోసే ఆడవాళ్ళు కొడవళ్ళతోనే వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"కాటక్కా, లెయ్యి," అన్నాడు మల్లేశప్ప. "వెల్డింగాయన పొద్దున్నుంచి ఎండలో ఉండాడు."

"నీడకు రమ్మను. గవి ఉండేది అందుకే గదా. రా బోరయ్యా, అంబలి తాగుతావా?"

బోరయ్య ఎవరి ముఖమూ చూడకుండా వచ్చి చెంబు అందుకున్నాడు.

"గవిలో సామి ఉంటే ఊరికి మంచిది గదక్కా," అన్నాడు మల్లేశప్ప.

"ఉండనియ్యి. నేనేమన్నా అడ్డమా? ఎండకో వానకో వచ్చినోడే అనుకుంటా, పక్కకు జరిగి చోటిస్తా. సామికి తాళమెందుకప్పా? యాడికన్నా పారిపోతాడా?"

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. కేశవమూర్తి ముందుకొచ్చాడు.

"అట్ల కాదు పెద్దమ్మా. లోపల హుండీ ఉంటాది, లైట్లుంటాయి. గొర్రెలు పెంటికలేస్తాంటే భక్తులెట్ల వస్తారు?"

"నువ్వు వచ్చినప్పుడు ఆ పెంటికల మీదే పండుకున్నావు గదప్పా. అప్పుడు వాసన రాలేదా?"

"అప్పుడు కరోనా. ఇప్పుడు కాలం మారింది."

"కాలం మారింది. వాన మారిందా? తడిస్తే ఇంగ ఎవరికీ చలి పెట్టదా?"

"తాసీల్దారుకు చెప్తాం," అన్నాడతను.

"చెప్పు. ఆయన వానలో వచ్చినా చోటిస్తా. కట్టె మాత్రం తిరిగి పెట్టిపోవాల." అక్కడ ఆగి, అతన్ని పైనుంచి కిందికి చూసింది. "అవునూ, నువ్వు కాల్చిన కట్టె పెట్టినావా?"

అతనికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "కట్టెలా? ఒక ట్రాక్టరు తోలిస్తాలే," అని నవ్వాడు. పక్కనున్నవాళ్ళెవరూ నవ్వలేదు. గొర్రెలు కాసిన ఇంట్లో పెరిగి ఉంటే ఆ నవ్వు అతని నోట్లోంచి వచ్చేది కాదు. మా అత్త అతన్ని వదిలేసి మల్లేశప్ప వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు మల్లేశా. కట్టె పెట్టనోనికి గవి మీద మాట ఉంటాదా?"

మల్లేశప్ప మెడ రుద్దుకున్నాడు. "ఉండదు," అన్నాడు, తనలో తను.

"గట్టిగా చెప్పు. ముసలిదాన్ని, చెవుడు."

"ఉండదక్కా, ఉండదు."

"మరి నువ్వు? పోయిన ఆషాఢంలో బైకు ఆడ పడేసి, కోడిపిల్ల మాదిరి తడిసి వచ్చినావు. నెగడు ఎవరి కట్టెతో వేసుకున్నావు?"

"నాకు ఇప్పుడు గొర్రెల్లేవు గదక్కా..."

"గొర్రెల్లేవు. చలి ఉండె గదా?"

మల్లేశప్ప రెండు చేతులూ జోడించాడు. "నీ నోటికి దణ్ణం తల్లీ. మేం పోతాం." బోరయ్య చెంబు కడిగి ఇచ్చి, "నన్నెవరన్నా పావగడలో దింపుతారా, ఈడనే సామి మాదిరి కూర్చోబెడతారా?" అని అడిగాడు.

గేటును మాత్రం గుట్ట కిందనే దించిపోయారు. ఆమె కదిలితే వచ్చి బిగించాలని కేశవమూర్తి ఆశ. ఆమె కదల్లేదు. పగలంతా వాకిట్లోనే ఉండి, పొద్దుగూకాక హనుమంతమ్మతో వంతులు మార్చుకునేది. జల్లు పడ్డ రోజు నేను లోపలి నుంచి, "తడుస్తాండావు అత్తా, లోపలికి రా," అని పిలిచాను. "లోపల గొర్రెలకు గాలాడద్దా?" అంది. గొంగడి మీద నీళ్ళు కారుతున్నా గీత దాటలేదు. నేనది మొండితనమనుకుని ముచ్చటపడ్డాను. గేటు తుప్పు పట్టింది. చివరికి కేశవమూర్తి దాన్ని గీకించి, రంగు వేయించి, తన కొత్త ఇంటికి పెట్టించుకున్నాడు. బయటి గుండు మీద సిందూరంతో ఆంజనేయస్వామిని వేశారు. మొదటి టెంకాయ మా అత్తే కొట్టింది.

ఆమె దినాల నాడు బంధువులంతా భోజనాలకు కూర్చున్నారు. పెద్దమనిషి పోయింది గదా, ఇంగ గవి సంగతి ఒకసారి మాట్లాడుకుందామని కేశవమూర్తి మెల్లగా కదిపాడు. అమ్మ ముందర నోరెత్తని మా ఆయన వడ్డిస్తున్నవాడు వడ్డిస్తున్నట్టే వంగి, అతని ఆకులో ఇంకో గరిటె పులుసు పోసి అడిగాడు:

"కట్టె పెట్టినావా అన్నా?"

పంక్తి మొత్తం నవ్వింది. మల్లేశప్ప అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఆ మర్నాడు ఆయనే ఒక మోపు మోసుకుని గుట్ట ఎక్కడం నేను చూశాను. గవికి ఇవాళ్టికీ తలుపు లేదు. ఉండదు కూడా. ఆమె పోయింది కాబట్టి దారి తేలికైందని ఎవరైనా అనుకుంటే, వచ్చి చూడవచ్చు. వాకిట్లో ఎవరో ఒకరం ఉంటాం.

ఆ వారంలోనే నేనూ ఒక మోపు కట్టాను. ఆమె కట్టినంత బిగువుగా రాలేదు. హనుమంతమ్మ కూడా వస్తానంది. ఇద్దరం ఎక్కి, కట్టెలు గూట్లో పేర్చాం. ఎండగా ఉంటే గవి లోపలికంటా పోయి, ఎద్దుల బొమ్మల కింద కూర్చున్నాం. హనుమంతమ్మ ఆకువక్క సంచి విప్పుతూ చుట్టూ చూసింది.

"ఇంత లోపలికి మీ అత్త ఎప్పుడూ రాలేదు."

"కాపలా కదవ్వా," అన్నాను. "వాకిలి వదలదు."

"కాపలా ఏంది? భయం. దానికి గవి అంటే భయం."

నేను నమ్మలేదు. గవి కోసం ఊరికి ఎదురు కూర్చున్న మనిషి. హనుమంతమ్మ వక్క కొరికి, తీరిగ్గా చెప్పింది. మా అత్త పెద్దమనిషి అయినప్పుడు ఆ దినాలన్నీ ఒంటిగా ఈ గవిలోనే పెట్టారట. ఎలుగ్గొడ్లు తిరుగుతాయని, పొద్దుగూకగానే వాళ్ళ నాయన వచ్చి వాకిలికి తుమ్మకంప అడ్డం వేసి పోయేవాడట. గొర్రెలకు వేసినట్టే, బయటి నుంచి.